దారిలో పోవు తరుగు

కోనసీమ రైతు ధాన్యము కాటాకు పెట్టునప్పుడు చూడవలయును. తేమ హెచ్చుగా నున్నదని మిల్లువారు బస్తాకు కొంత తరుగు తీయుదురు. ఆ తరుగు న్యాయమా, అన్యాయమా యని రైతు గంటసేపు వాదించును, తగాదా పడును, అవసరమైనచో కలెక్టరుగారికి అర్జీ పెట్టును. కిలో ధాన్యము దారిలో పోయినను అతనికి తెలియును. అదే రైతు భార్యయో, చెల్లెలో కువైటులో నొకరి యింట గిన్నెలు తోమి, పిల్లల నెత్తి, అర్ధరాత్రివేళ నడుము వాల్చి సంపాదించిన దినారు ఇల్లు చేరులోపల దానిలో తరుగెంత పోయినదో ఆ యింటిలో నొక్కరికిని తెలియదు. "ఈ నెల ఇరువదియొక్క వేయి చిల్లర వచ్చినది" అందురు. రావలసిన దెంత యని లెక్క వేయువారు లేరు. తరుగున్నదను సంగతియే చాలమందికి తెలియదు.

విదేశమునకు పోయి కూలి చేసి యింటికి డబ్బు పంపుట గోదావరితీరమునకు క్రొత్త గాదు. ఒకప్పుడు కాకినాడ రేవునుండి రంగూనుకు స్టీమర్లు పోయెడివి. మనవారు అక్కడ ఓడలపై బస్తాలు మోయుటకును, ధాన్యపు మిల్లులలో పనికిని, రిక్షాలు లాగుటకును పోయెడివారు. బర్మావారు తెలుగువానిని "కోరంగి" యని పిలిచెడివారు. మన కోరంగి రేవు పేరే ఆ దేశమున తిట్టుమాట యైనది. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు పైబడి యుండిరి. మేస్త్రీల బయానాలకు లొంగి వారు పడిన పాట్లు వేరుకథ. డబ్బు పంపుటలో మాత్రము వారికొక సౌకర్య ముండెను. 1937 ఏప్రిలు 1వ తేదీన వేరుపడువరకు బర్మా భారతదేశములో నొక రాష్ట్రము. తపాలా యొకటే, రూపాయి యొకటే. 1880లో మన తపాలాశాఖ ప్రారంభించిన మనియార్డరు పద్ధతి రంగూనుకును వర్తించెను. అక్కడ కట్టిన రూపాయి అమలాపురములో రూపాయిగనే చేతికందెడిది. కమీషను ఎంతయో కట్టునప్పుడే తెలిసెడిది. మధ్యలో మారకమన్న మాట లేదు. ఇది పరప్రభుత్వము దయ గాదు. రెండు దేశములకు నొకే సంకెల తగిలించినందున అనుకోకుండ కలిగిన సౌలభ్యము.

కువైటులోను ఒకప్పుడు మన రూపాయియే చెల్లెడి దన్న సంగతి నేటి యువకులకు వింతగా తోచవచ్చును. ఆ ప్రాంతపు దేశముల కొరకు రిజర్వుబ్యాంకు 1959లో ప్రత్యేకపు నోట్లనే వెలువరించెను. 1961లో కువైటు తన దినారును తాను ప్రవేశపెట్టుకొనెను. స్వతంత్రదేశము తన నాణెమును తాను చేసికొనుట న్యాయమే. దానికి మనము చింతింప నక్కరలేదు. కాని యానాటినుండి కూలివాని చేతికిని, వాని యింటికిని నడుమ మారకమను నొక టోలుగేటు లేచినది. గేటు దగ్గర కూర్చున్నవారు తీసికొను సుంకములో కొంత బోర్డుమీద వ్రాయబడి యుండును. కొంత వ్రాయబడి యుండదు. చిక్కంతయు ఈ వ్రాయనిదానితోనే.

లెక్కకొరకు దినారు బజారుధర 280 రూపాయ లనుకొందము. రాజోలు తాలూకా స్త్రీ యొకతె నెలకు 80 దినారులు పంపునది. బజారుధరను పట్టి యది 22,400 రూపాయలు. ఎక్స్‌ఛేంజిలో నామెకు కట్టు ధర 280 గాదు, 276 అనుకొందము. ఇచ్చటనే 320 రూపాయలు పోయినవి. పంపుడు రుసుము దినారొకటి, అనగా 280 రూపాయలు. మొత్తము తరుగు 600. రసీదుపై ఆమెకు కనబడునది మాత్రము ఒక్క దినారే. కనబడని 320 రూపాయలు ధరలో దాగి పోయినవి. "మా యొద్ద రుసుము లేదు" అని గొప్పగా బోర్డు కట్టినచోట ధర మరి నాలుగు రూపాయలు తగ్గించి, ఆ రుసుమును వడ్డీతో రాబట్టుకొనవచ్చును. దీనికి మందొక్కటే. రుసుమెంత, ధర యెంత యని వేరువేరుగా అడుగరాదు. "నా చేతిలో నెనుబది దినారులున్నవి, ఇదిగో పెట్టుచున్నాను, మా యమ్మ ఖాతాలో ఎన్ని రూపాయలు పడును?" అని యొక్క ప్రశ్న వేయవలయును. రెండుమూడు చోట్ల ఈ ప్రశ్నయే వేసి, ఎక్కువ రూపాయలు చెప్పినచోట కట్టవలయును. ధాన్యమునకు ధర కట్టుటలో మనవారికి తెలిసిన విద్యయే ఇది.

మరియొక సంగతి. ఇంటివద్ద అవసరములు తొందరపెట్టుటచే ఆ యెనుబది దినారులను నలువదేసి చొప్పున రెండు తడవలుగా పంపువారు కలరు. ధరలో పోవునది అంతే. రుసుము మాత్రము రెట్టింపగును. అప్పుడు నెలకు తరుగు 880 రూపాయలు, సంవత్సరమునకు 10,560 రూపాయలు. నెల సంపాదనలో దాదాపు సగము! సంవత్సరములో పదునాలుగు దినములు ఆమె యెవరికొరకు పనిచేసినదో ఆమెకే తెలియదు. ఒకేసారి పంపినచో సంవత్సరమునకు 3,360 రూపాయలు మిగులును. పిల్లవాని పుస్తకములకు, బడిబట్టలకు కొంత సాయమగును. ఇంటివద్ద నున్నవారు ప్రతి పదిదినములకు నొకసారి ఫోను చేసి "పంపు, పంపు" అనుట మానుకొన్నచో ఈ యాదా సాధ్యమే. కువైటులో ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీసపు జీతము 60 దినారులు. అంత చిన్న జీతమునుండి దినారు దినారుగా రుసుము పోవుట యెంతటి భారమో పాఠకులే గ్రహింపగలరు.

ఇంకొక చిన్న తరుగు కలదు. డబ్బు రూపాయలుగనే వచ్చి ఖాతాలో జమయగునా, లేక విదేశద్రవ్యముగా వచ్చి యిక్కడి బ్యాంకులో మార్చబడునా యని తెలిసికొనవలయును. ఇక్కడ మార్చునప్పుడు ఆ మార్పిడి సేవపై వస్తుసేవల పన్ను ఎంత చిన్న మొత్తమునకైనను 45 రూపాయలకు తగ్గదు. ఒక బ్యాంకునుండి మరియొక బ్యాంకునకు పోవుదారిలో మధ్యవర్తి బ్యాంకున్నచో, అదియు తన చేయి తడుపుకొని గాని విడువదు. పెద్ద మొత్తములకు ఇవి లెక్కలోనివి గావు. ఇరువదివేలకు లెక్కలోనివే.

ప్రపంచబ్యాంకువారి లెక్కలను పట్టి 200 డాలర్లను సరిహద్దు దాటించుటకు లోకములో సగటున నూటికి ఆరుకు పైగా ఖర్చగుచున్నది. 2030 నాటికి దీనిని నూటికి మూడుకంటె తక్కువకు దింపవలయునని ఐక్యరాజ్యసమితి లక్ష్యము పెట్టుకొన్నది. గల్ఫుదేశములనుండి మనదేశమునకు పంపుదారి ఆ సగటుకంటె చౌకయే. ఆ మాట దాచుట న్యాయము గాదు. పంపువారు లక్షలు, పోటీపడు దుకాణములు పెక్కు. అందుచే ధర దిగినది. కాని సగటు అనునది ధనవంతుని, పేదను ఒకే త్రాసులో వేయునది. అమెరికాలో నున్న మన భీమవరపు యువకుడు తన గదిలో కూర్చుండి, ఫోనులో నాలుగు ధరలు సరిచూచి, రూపాయి పెరుగువరకు రెండుదినము లాగి, వేయి డాలర్లను బ్యాంకు ఖాతానుండి పంపును. అతనికి పోవు తరుగు స్వల్పము. 2026 జనవరి 1 నుండి అమెరికా ప్రభుత్వము విదేశములకు పంపు సొమ్ముపై నూటికొకటి చొప్పున పన్ను వేసినప్పుడును, ఆ పన్ను నగదు కట్టి పంపువారిపైననే పడినది. బ్యాంకు ఖాతానుండి పంపువారికి తగులలేదు. ఏ దేశమందైనను ఇదే పద్ధతి. ఖాతా యున్నవానికి దారి చౌక. చేతిలో నోట్లు పట్టుకొని నిలుచున్నవానికి ప్రియము.

కువైటులోని మన అక్కచెల్లెండ్రలో నెందరో ఈ రెండవ వర్గమువారే. నరసాపురము, పాలకొల్లు, ఆచంట, రాజోలు, మామిడికుదురు, మలికిపురము ప్రాంతములనుండి ఇంటిపనికి పోయిన స్త్రీలకు జీతము చేతికే యిచ్చు యజమానులు కలరు. వారమున కొకదినము బయటికి పోనిచ్చు కఫీలు దొరకుట అదృష్టమే. పోనీయనిచోట జీతపు నోట్లు డ్రైవరు చేతికో, తెలిసిన స్నేహితురాలి చేతికో ఇచ్చి పంపవలసినదే. ఇక కఫీలు కొట్టుటచేతనో, జీతమెగగొట్టుటచేతనో ఇల్లు విడిచి పారిపోయి, అక్కడివారి భాషలో "ఖల్లివల్లి" యైన స్త్రీ సంగతి చెప్పనక్కరలేదు. చెల్లుబడి యగు సివిల్ ఐడీ కార్డు లేనిదే ఎక్స్‌ఛేంజిలో ఆమె పేర రసీదు పుట్టదు. కువైటు ప్రభుత్వము 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వెలుపలికి వచ్చిన వారిలో మనవారు కొలదిమంది గారు.

ఇటువంటివారికి మిగిలిన దారి హవాలా. మేము హవాలాను సమర్థించుట లేదు. కాని దానిని తిట్టి యూరకుండుటయు మాకు సమ్మతము గాదు. అది ఏల బ్రదికియున్నదో తెలిసికొనవలయును. గుర్తుకార్డు అడుగదు. నేడిచ్చిన దినారు నేటి సాయంకాలమే రూపాయలై ఊరిలో గుమ్మము ముందు నిలుచును. కొన్ని సమయములలో ధరయు ఎక్స్‌ఛేంజికంటె మేలుగా నుండును. మన వర్తకులు తరతరములుగా హుండీలు నడపినది ఈ నమ్మకము మీదనే గదా! అయినను ఒక్క భేదము. నాటి హుండీకి కాగితముండెను, వ్రాలుండెను, దానిని చట్టమెరుగును. నేటి హవాలాకు నోటిమాట తప్ప వేరొకటి లేదు. నడుమనున్నవాడు "నాకు ముట్టలేదు" అన్ననాడు ఆమె ఏ కోర్టు మెట్టును ఎక్కలేదు. పైగా 1999 నాటి విదేశమారక చట్టము ప్రకారము సొమ్మునకు మూడురెట్లవరకు జరిమానా వేయవచ్చును. తరుగు తప్పించుకొనబోయి గింజలతో బస్తాను పోగొట్టుకొన్నట్లగును. హవాలాను అణచవలెనన్న ప్రభుత్వమునకు పోలీసులకంటె మంచి సాధనము కలదు: దానికంటె చౌకయైన, దానివలెనే త్వరితమైన, చట్టసమ్మతమైన దారి వేయుట.

వేయలేరా? వేసినారు గదా! 2023 ఫిబ్రవరి 21వ తేదీన మన యూపీఐని సింగపూరువారి పేనౌతో కలిపిరి. అక్కడనుండి ఫోను నంబరు పేరనే దినమునకు 60,000 రూపాయలవరకు క్షణములో ఇంటికి చేరునట్లు ఏర్పాటైనది. అదే సంవత్సరము జూలైలో సంయుక్త అరబ్బు దేశముతో ఇట్టి యొప్పందమునకే వ్రాలు చేసిరి. 2024 జూనులో రిజర్వుబ్యాంకు మలేషియా, ఫిలిప్పీన్సు, సింగపూరు, థాయిలాండులతో కూడిన నెక్సస్ అను నేర్పాటులో చేరినది. ఇవన్నియు మంచి పనులే, మేము మెచ్చుచున్నాము. కాని విదేశపు ఫోను నంబరుతోనే ప్రవాసులు తమ భారతీయ ఖాతాలను యూపీఐకి జతపరచుకొనవచ్చునని 2023 జనవరిలో పది దేశముల పట్టిక వెలువడినప్పుడు మేము దానిని రెండుసార్లు చదివితిమి. సింగపూరున్నది, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగు ఉన్నవి. ఓమాను, ఖతారు, అమెరికా, సౌదీ అరేబియా, సంయుక్త అరబ్బు దేశము, ఇంగ్లండు ఉన్నవి. కువైటు లేదు. గోదావరి మండలపు స్త్రీలు దశాబ్దములుగా పోవుచున్న దేశమే ఆ పట్టికలో లేదు.

2024 డిసెంబరులో మన ప్రధానమంత్రి కువైటుకు పోయిరి. 43 సంవత్సరముల తరువాత భారత ప్రధాని ఆ దేశమున అడుగిడుట అదియే ప్రథమము. రక్షణ, సంస్కృతి, క్రీడల విషయమై ఒప్పందములు జరిగినవి. క్రీడలు కూడదని మేమనము. ఆ దేశములో నున్న పదిలక్షలమంది భారతీయుల రూపాయికి ఆ పట్టికలో చోటు దొరకలేదని మాత్రము అనుచున్నాము. దారి వేయుటకు రెండు ఒడ్డులవారును ఒప్పుకొనవలయునని మాకును తెలియును. అడిగితిమి, వారొప్పుకొనలేదు అని యైనను మనవారు చెప్పవలయును గదా.

దారి వేసినంతమాత్రమున చాలదు. ఖాతా లేని స్త్రీకి యూపీఐ యున్నను లేకున్నను ఒక్కటే. కావున మొదట జీతము ఆమె పేరనున్న ఖాతాలో పడవలయును. ఇంటిపనివారి నియామకమునుగూర్చి మనకును కువైటునకును 2021 జూనులో ఒప్పందము కుదిరినది. దానిని కాగితముమీద నుంచక, జీతము ఖాతాలో వేయని యజమానికి మరల మనిషిని పంపుట లేదని మన రాయబారకార్యాలయము కఠినముగా నిలువవలయును. జీతమెగగొట్టినచో ఆ ఖాతాపుస్తకమే సాక్ష్యముగా నిలుచును. ఇప్పుడామె మాటకు యజమాని మాట అడ్డముపడుచున్నది. 2025 సెప్టెంబరులో దుబాయిలో జరిగిన విశ్వతపాలా మహాసభలో మన యూపీఐని ప్రపంచ తపాలావ్యవస్థతో కలుపు ప్రయత్నము ప్రకటింపబడినది. రంగూను మనియార్డరును నడిపిన తపాలాశాఖయే మరల ఈ పనికి పూనుకొన్నందులకు మాకు సంతోషము. ఆ పథకమునకు మొదటి దేశములను ఎన్నుకొనునప్పుడు కువైటును, మస్కటును మరువకుందురుగాక.

ఇక నీయొడ్డున జరుగు విషయము. దీనిని వ్రాయుట మాకు కొంచెము ఇబ్బందియే. అయినను వ్రాయక తప్పదు. ఆమె పంపిన డబ్బు ఎవరి ఖాతాలో పడుచున్నది? భర్త ఖాతాలో, అన్నగారి ఖాతాలో, కొన్నిచోట్ల వీసా కొరకు అప్పిచ్చిన ఏజెంటు చూపిన ఖాతాలో! అయిదేండ్లు కష్టపడి తిరిగివచ్చి, "నా డబ్బేది?" అని యడిగిన స్త్రీకి ఇల్లు చూపువారు కొందరు, అప్పుల పత్రములు చూపువారు కొందరు. ఇల్లు చూపినవారి మీద మాకు కోపము లేదు. ఆ యింటి దస్తావేజు ఎవరి పేరనున్నదని యడుగుచున్నాము. పోవుటకు ముందే ఆమె తన పేర నొక ఖాతా తెరచుకొనవలయును. విదేశమున పనిచేయువారికై ఎన్.ఆర్.ఇ. ఖాతా కలదు, దానిపై వచ్చు వడ్డీకి మనదేశమున ఆదాయపు పన్ను లేదు. నెలనెల పంపునదానిలో పదియవవంతైనను దానిలో పడవలయును. మిగిలినది ఇంటి ఖర్చునకు. ఇంటివారికి పంపుట ధర్మమే, తనకొరకు దాచుకొనుటయు ధర్మమే.

అక్కడనే దాచుకొందు నన్నవారికి రెండు సంవత్సరములను గుర్తుచేయుదుము. 1964లో బర్మా ప్రభుత్వము అంగళ్లను స్వాధీనపరచుకొని పెద్దనోట్లను రద్దుచేసినప్పుడు, తరతరములు అక్కడ గడించినవారు వట్టిచేతులతో ఓడ దిగిరి. విశాఖపట్టణములో బర్మాక్యాంపు పేరు నేటికిని నిలిచియున్నది. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకుసేనలు కువైటులో ప్రవేశించినవి. లక్ష డెబ్బదివేల మంది భారతీయులను విమానములలో స్వదేశమునకు చేర్చిరి. దినారు రాత్రికిరాత్రి విలువ పోగొట్టుకొనెను. నష్టపరిహారములు పిదప సంవత్సరములకు గాని అందలేదు. ఆ రెండుమారులును అంతకుముందే యింటికి చేరిన సొమ్మే నిలిచినది. అందుకే ఈ దారి నిరాటంకముగా, చౌకగా నుండవలయునని మా పట్టుదల.

రిజర్వుబ్యాంకు 2023-24 సంవత్సరమునకు చేసిన విచారణలో విదేశములనుండి మనదేశమునకు వచ్చిన సొమ్ములో ఆంధ్రప్రదేశ్ భాగము నూటికి 4.4, తెలంగాణము భాగము 8.1, కేరళ భాగము 19.7. కేరళవారు గల్ఫునకు పోయినవారికై ప్రత్యేకపు ప్రభుత్వశాఖనే పెట్టుకొన్నారు. వారి శాసనసభలో ఈ విషయమై చర్చలు జరుగని సంవత్సర ముండదు. మన భాగము చిన్నదని మన పెద్దలు ఉదాసీనులై యుందురు కాబోలు. నూటికి నాలుగైనను, ఆ నాలుగింటిలో నొక్కొక్క రూపాయి యెవరి నడుము విరిగి వచ్చినదో నరసాపురము బజారులో నడచినవారికి తెలియును.

రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, నరసాపురము, ఏలూరు నియోజకవర్గముల పార్లమెంటు సభ్యులను మేము కోరునది స్వల్పము. రానున్న సమావేశములలో రెండు ప్రశ్నలు వ్రాసి యిండు. కువైటుతో యూపీఐ సంబంధము కలుపుటకు మన ప్రభుత్వము ఏ తేదీన అడిగినది, వారేమి బదులిచ్చిరి? ఇంటిపనివారి జీతము ఖాతాలో వేయింపవలెనని 2021 తరువాత ఎందరు యజమానులను నిలదీసిరి? వచ్చిన సమాధానములను, అవి యెట్లున్నను, ఈ పుటలోనే ప్రకటింతుము.